గోత్రం పక్కన ఎర్రచుక్క

కరుణాకర్ కంప్యూటర్ ఆన్ చేసి, ముందు స్పీకర్ తీగ పీకేశాడు. పీకకపోతే గుడి మండలి వెబ్‌సైట్ తెరవగానే గుడిగంటలు మోగుతాయి, పక్కగదిలో పాఠం చెప్పే ప్రొఫెసరు తలుపులోంచి తొంగి చూస్తాడు. ఆ గంటలు పెట్టింది కరుణాకరే. పెట్టమన్నది అధ్యక్షుడు సోమయాజులు.

యాభై దాటిన మనిషి. యూనివర్సిటీలో కాంట్రాక్టు ఆపరేటరు. రంగేసిన జుట్టుకి తెల్లటి మొదళ్ళు, బల్ల అంచుకి ఒరిసి ఒరిసి నల్లగా కాయ కాసిన మణికట్టు, ఒక కాడ విరిగితే దారం చుట్టిన కళ్ళజోడు. క్యాంపస్‌లో అందరూ "ఆపరేటర్" అంటారు తప్ప పేరు పెట్టి పిలవరు. తార్నాక గుడి పైఅంతస్తులో నడిచే శ్రీ సీతారామ ఉద్యోగ మిత్ర మండలిలో మాత్రం అతను "మన కరుణాకర్". ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళుగా పైసా తీసుకోకుండా చాకిరీ చేస్తున్నాడు.

మొదట్లో ఆ సైటు ఒక్క పేజీయే. ఎక్కడ ఏ పని ఖాళీగా ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో, అంతే. గుడికొచ్చే ఉద్యోగస్తులు తమ ఆఫీసుల సంగతులు చెప్పేవారు, కరుణాకర్ ఎక్కించేవాడు. అడిక్‌మెట్ గదుల్లో ఉండే కుర్రాళ్ళు చూసుకుని పరుగెత్తేవారు. కొందరికి పని దొరికింది. ఆ రోజుల్లో కరుణాకర్‌కి కంటినిండా నిద్ర పట్టేది.

తర్వాత రెపరెపలాడే దీపం వచ్చింది. ఆపైన సోమయాజులు ఫొటో, ఆపైన శాలువాతో సోమయాజులు ఫొటో, దాతలు, దాతల భార్యలు. ఖాళీలు కిందికి, ఇంకా కిందికి జారిపోయాయి. ఇప్పుడు ఉద్యోగం కంటబడాలంటే అన్ని మొహాలూ దాటుకుని పోవాలి. ఒక్కో మొహాన్నీ కత్తిరించి, మచ్చలు తుడిచి పెట్టింది కరుణాకరే. ఈమధ్య సైటు తెరిస్తే వాటిని చూడకుండా కిందికి జరిపేస్తున్నాడు.

గోత్రం గడి మాత్రం అలా ఆడంబరానికి మొదలవలేదు. శనివారం సాయంత్రాలు నిరుద్యోగుల పేరున అర్చన చేద్దామని పూజారి అంటే, భక్తిగానే పేరు పక్కన ఓ గడి పెట్టాడు. తెలిసినవాళ్ళు రాసేవారు. తెలియనివాళ్ళు వదిలేస్తే, పూజారి శివగోత్రం అని చదివేసేవాడు. దేవుడు అభ్యంతరం చెప్పిన దాఖలా లేదు. పోయినవారం సోమయాజులు ఆ గడిని తప్పనిసరి చేయించాడు. రాయడం కుదరదు, ఋషుల పేర్లలోంచి ఎంచుకోవాలి, అందులో శివగోత్రం ఉండదు. "సమాచారం శుభ్రంగా ఉండాలయ్యా," అన్నాడు. కరుణాకర్ గడి పక్కన, నింపక తప్పదన్న గుర్తుగా, ఎర్రచుక్క పెట్టాడు.

మధ్యాహ్నం స్నేహలత అతని గదికి వచ్చింది. మాణికేశ్వర్ నగర్ అమ్మాయి, హాస్టల్ మెస్‌లో వండే లక్ష్మయ్య కూతురు, బీకాం అయింది. మండలికి దాత అయిన కొండలరావు తన బడిలో లెక్కలు చూసే మనిషి కావాలన్నాడు. దానికి ఈరోజే ఆఖరు.

"సార్, గోత్రం కాడ ఆగిపోతున్నది. మాకు గోత్రం ఎరుకలేదు. నాయినకు గూడ తెల్వదట."

"ఏదన్న ఒకటి పెట్టు బిడ్డా."

"అబద్ధం అయితది గద సార్. వద్దు."

వద్దంటూనే కదల్లేదు. లక్ష్మయ్యకి మోకాళ్ళు పోయాయి. పొయ్యి మీంచి గుండిగ దించేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. ఈ పని దొరికితే అతన్ని ఇంటిపట్టున కూర్చోబెట్టాలని ఆ పిల్ల ఆశ. కరుణాకర్‌కి అదంతా తెలుసు. మౌసు తనే అందుకుని భారద్వాజ దగ్గర నొక్కాడు.

"దేవునికి తెల్వదా ఏంది," అన్నాడు. దరఖాస్తు వెళ్ళిపోయింది.

సాయంత్రం అర్చనయ్యాక కమిటీ పైఅంతస్తులో కూర్చుంది. అందరి చేతుల్లోనూ దొన్నెలు, చక్రపొంగలి. సోమయాజులు వేళ్ళు నాక్కుంటూ తెర మీదికి వంగాడు.

"ఈ అమ్మాయికి మార్కులు బాగున్నాయి. స్నేహలత, భారద్వాజ. మనవాళ్ళే." మొహం వికసించింది. అక్కడే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు. "అమ్మా, మంచి కబురే. ఏదీ, ఒకసారి మీ గోత్రఋషుల పేర్లతో ప్రవర చెప్పు."

"అంటే ఏంది సార్?"

గదిలో నమలడం ఆగింది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"మాణికేశ్వర్ నగర్ సార్. గోత్రం మాకు ఎరుకలేదు సార్, లిస్టుల ఉన్నది పెట్టినం."

"సరే, చెబుతాంలే," అని ఫోన్ పెట్టేసి, ఆయన ఆ చేతిని పంచెకి తుడుచుకున్నాడు. "చూశారా. దేవుడి దగ్గరే అబద్ధం."

"నేనే పెట్టిన సార్. పిల్ల వద్దన్నది," అన్నాడు కరుణాకర్.

"నీది మెత్తటి మనసయ్యా. కానీ కొండలరావుగారు అడిగింది మనవాళ్ళనే. లేకపోతే ఆ గడి ఎందుకు పెట్టించాననుకున్నావు? పోస్టు నిండిపోయిందని ఆ అమ్మాయికి నువ్వే చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది."

"నాకు గూడ గోత్రం తెల్వది సార్. ఇన్నేండ్ల సంది మీ గుడి అయ్యగారు నాకు శివగోత్రమే చదువుతుండు."

సోమయాజులు నవ్వి, అతని భుజం తట్టాడు. "నువ్వు వేరయ్యా. నువ్వు మాలో ఒకడివి."

కరుణాకర్ అలవాటుగా దొన్నెలోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ప్రసాదాన్ని జీవితంలో ఎన్నడూ అలా చేయనివాడు, జేబురుమాలులోకి ఉమ్మేశాడు. ఆ మనుషుల మీద రోత, వాళ్ళ నోట "మన" అనిపించుకోవడానికి ఇన్నేళ్ళు తోక ఊపిన తనమీద అంతకన్నా రోత.

"గోత్రం అబద్ధమన్నరు గద సార్," అన్నాడు లేస్తూ. "గీ అబద్ధం మీరే చెప్పుండ్రి. సైటు గూడ మీరే చూసుకోండ్రి."

ఎవరో వెనక నుంచి పిలిచారు. అతను మెట్లు దిగి, చెప్పులేసుకుని, మాణికేశ్వర్ నగర్ వైపు నడిచాడు. జరిగింది జరిగినట్టు ఆ తండ్రీకూతుళ్ళ ముందు నిలబడి చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇంకా తోచలేదు.

మీటింగు ముగిసి అందరూ వెళ్ళాక, పైన కీబోర్డు పక్కన అతని దొన్నె మిగిలింది. ఎంగిలి కాబట్టి ఇంకొకరికి పెట్టడానికి లేదు, ప్రసాదం కాబట్టి చెత్తలో వేయడానికీ లేదు, ఫ్యాను గాలికి దాని మీద నెయ్యి తెల్లగా పేరుకుంటోంది.