పగిలిందేంది?

నేను ఒక ఇనుప చేయిని. కారు వెనక ఇరుసును బాడీతో కలిపి పట్టుకోవడం నా పని. ఫ్యాక్టరీలో నాకు రెండు చివరలా మెత్తని రబ్బరు బుష్‌లు తొడిగారు. గుంతల దెబ్బలన్నీ అవే తినేవి. నేను హాయిగా ఉండేదాన్ని.

ఆ కారు ఉప్పల్‌లో గ్యారేజీ నడిపే నర్సింగ్ చేతికి వచ్చింది. అతని చెల్లెలు హిమజ దాన్ని డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నని దారిలో ఒక్క ఊపున దూసుకుపోయే పందేల్లో నడిపేది. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కేవి. కారు మాత్రం కదిలేది కాదు. పట్టు పెంచాలని నర్సింగ్ నన్ను కోసి, మధ్యలో ముక్క అతికించి పొడవు చేశాడు. రబ్బరు పీకేసి ఇనుప జాయింట్లు బిగించాడు. చక్రాలు రోడ్డును కరిచి పట్టుకున్నాయి. అన్నాచెల్లెళ్లు గంతులేశారు. అప్పటినుంచి ప్రతి దెబ్బా నేరుగా నాకే.

కొన్నాళ్లకు అతుకు పక్కన వెంట్రుకంత పగులు వచ్చింది. ఇంతలో దసరా. ఆయుధపూజకని నర్సింగ్ కారు అడుగుభాగమంతా నిగనిగలాడేలా ఎర్రరంగు కొట్టాడు. పగులు రంగు కింద మాయమైంది. నాకు బొట్టు పెట్టి అతను దండం పెట్టాడు. నేను విరిగితే ఇరుసు పక్కకు తిరుగుతుంది. ఆ వేగంలో కారు గోడకే. లోపల హిమజ.

పూజ తర్వాత మొదటి రేసు. ట్రాక్ పక్కన నర్సింగ్ వెనక కుడి చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. నాలుగు చక్రాలకూ పెట్టాల్సింది. మిగతావి ఎవరో షర్బత్ చేసుకున్నారు.

"అన్నా, వెనక కుడిపక్కకు గుంజుతున్నట్టున్నది" అంది హిమజ.

"భయమైతే చెప్పు చెల్లె, స్కూటీ కొనిస్త."

"నీ మొకం! జరుగు."

క్లచ్ వదిలింది. టక్! ఆ చప్పుడు నాలోంచే. జనం చప్పట్లు కొట్టారు.

"పగిలింది! ఇగ పోనియ్!" అని అరిచాడు నర్సింగ్.

నేను సగం తెగి ఉన్నాను. ఆమె పాదం యాక్సిలరేటర్ మీద ఉంది. అరవడానికి నాకు నోరు లేదు.

హిమజ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. నిమ్మకాయ చక్రం కింద నుంచి జారి, చెక్కు చెదరకుండా పక్కన దొర్లి ఉంది.

"అన్నా, కాయ పగల్లే. మరి పగిలిందేంది?"

నర్సింగ్ నవ్వు ఆగిపోయింది. కారు కింద దూరాడు. రంగు పెచ్చులు రాలి అతని నుదుటి మీద పడ్డాయి. నా పగుల్లోకి అతని గోరు దిగింది. ఇంజన్ ఆపమని కింద నుంచే చెయ్యి చాపి తలుపు మీద బాదాడు.

ఇప్పుడు నేను గ్యారేజీ వెనక తుక్కు కుప్పలో ఉన్నాను. నా స్థానంలో రబ్బరు బుష్‌లతో కొత్త చేయి బిగించారు. నిన్న గోడ అవతల నుంచి హిమజ గొంతు వినిపించింది.

"అన్నా, పట్టు సాల్తలేదు. ఆ రబ్బరు తీసెయ్ రాదు!"

నర్సింగ్ జాకీ పెట్టి కారు లేపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత కటింగ్ మిషన్ మొదలైంది.