ధనమ్మ సాక్ష్యం

పెదవుల మధ్య నాలుగు పిన్నులు బిగించి ధనమ్మ పదకొండో జడ అల్లుతోంది. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఆ రోజు పెళ్ళి సన్నివేశం. గుంపులో నిలబడే ఆడవాళ్ళు పాతికమంది. అందరికీ తలలు దువ్వి పూలు పెట్టాలి. ధనమ్మకు యాభై నాలుగేళ్ళు. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి దువ్వెన ఒరిసి కుడి బొటనవేలు కాయ కాసింది. "కదలకమ్మా" తప్ప ఆమె నోట మరో మాట వినడం అరుదు. చిక్కు ఎంత గట్టిదైనా కుదుళ్ళు పట్టుకుని కొసల నుంచి విప్పుతుంది. నొప్పి తెలియనివ్వదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు, పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊరి పాస్టరుగారు ఆమెను బైబిలు స్త్రీగా పంపాలనుకున్నారు. ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే పని. మొదటి ఇంటి అరుగు మీదే ధనమ్మకు గొంతు పెగల్లేదు. ఏడుస్తూ వెనక్కి వచ్చేసింది. తర్వాత పెళ్ళి, మద్రాసు, భర్త పోవడం, సినిమా వాళ్ళతో పాటు హైదరాబాదు రావడం. దేవుడు పిలిచిన పని వదిలేసి జడలు అల్లుకుంటూ బతుకుతున్నానన్న బాధ ముప్పై ఆరేళ్ళుగా ఆమెను వదల్లేదు.

అందుకే స్త్రీల కూటంలో సాక్ష్యం చెప్పమని యూసుఫ్‌గూడ చర్చి అయ్యగారు అడిగితే తల ఊపింది. అది ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి. వారం నుంచి జడలు వేస్తూ మనసులో వల్లె వేసుకుంటోంది.

మూడింటికి పని ముగిసింది. స్టూడియో వ్యాను నడిపే ఓదెలు మధురానగర్ మలుపులో బండి ఆపాడు.

"అక్కా, చర్చి కాడ దింపాల్నా? పొద్దున నువ్వు పోయిన సంది జగదాంబమ్మ ఏం తింటలేదట. మా ఇంటామె చెప్పింది."

జగదాంబ గుంపు వేషాలు వేసిన మనిషి. మద్రాసులో పక్కపక్క వాటాల్లో ఉన్న నాటి నుంచి ఇద్దరికీ స్నేహం. ఆమెకు పిల్లల్లేరు. కడుపులో కాన్సరు ముదిరిందని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. నెల రోజులుగా ధనమ్మే రెండు పూటలా వెళ్ళి ఒళ్ళు తుడిచి, జావ తాగించి, తల దువ్వి వస్తోంది.

ధనమ్మ చర్చి వైపు దారిని ఒకసారి చూసింది.

"ఇక్కడే దిగుతాను తమ్ముడూ," అంది.

ఒంటిగదిలో జగదాంబ గోడకు జేరబడి ఉంది. కళ్ళు లోతుకు పోయాయి. "మరి నీ మీటింగు?" అంది.

"ఎవరో ఒకరు చెబుతార్లే అక్కా."

ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, గోరువెచ్చటి నూనె రాసి, ఉన్న కాసిని వెంట్రుకలూ పాయలు తీయసాగింది ధనమ్మ.

"ధనం, ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా మీ దేవుడి గురించి నాకు చెప్పలేదేంటే?"

ధనమ్మ చేయి ఆగింది. "నాకు చెప్పడం రాదక్కా. అందుకేగా ఆ పనికి పనికిరాకుండా పోయాను."

"చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు నా పక్కన పడుకున్నదెవరు? మా వాళ్ళే నన్ను తాకడానికి జంకుతుంటే ఒళ్ళు తుడుస్తున్నదెవరు? మీ దేవుడెలాంటి వాడో నాకు తెలుసులే." కాసేపు ఆయాసపడి, మెల్లగా అంది. "ఇవాళ భయంగా ఉందే. ఆయనతో ఏం మాట్లాడతావో, పైకి మాట్లాడు. వింటాను."

వల్లె వేసుకున్న సాక్ష్యంలో ఒక్క ముక్కా ధనమ్మకు గుర్తు రాలేదు.

"ప్రభువా, ఈవిడ జగదాంబ. నా స్నేహితురాలు. ఒంటరిగా ఉండాలంటే భయం. నేను చివరి దాకా తోడు రాలేను. అక్కడి నుంచి నువ్వు చెయ్యి పట్టుకో."

గొంతు వణకలేదు. జగదాంబ కళ్ళు మూసుకుని, "ఇంకా మాట్లాడు," అంది. ధనమ్మ మాట్లాడింది. పాలకొల్లు కాలువ గురించి, మద్రాసు వాటాల గురించి, తాను భయపడి పారిపోయి వచ్చిన ఆ అరుగు గురించి. అన్నేళ్ళ బాధ ఏ మాట దగ్గర దిగిపోయిందో ఆమె గమనించనే లేదు. కిటికీ ఎండ నేల మీంచి గోడ మీదికి ఎక్కేసరికి ఒళ్ళో తల బరువెక్కింది. జడ ఇంకా జానెడు మిగిలి ఉంది. ధనమ్మ ఆపకుండా కొస దాకా అల్లి, ముడి వేసి, అప్పుడు వంగి ఆమె నుదుటిని ముద్దు పెట్టుకుంది.

ఓదెలుకు కబురు చేయడానికి లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు వెనక మేకుకు జగదాంబ సవరం వేలాడుతోంది, పొద్దున్నే వేషానికి వెళ్ళాలన్నట్టు నున్నగా దువ్వి, కొసన నల్లటి కుచ్చులతో.