ఆగని కూత

సైరన్ పిడికి నూనె రాసి, చేతికంటిన జిడ్డును పాత గుడ్డతో తుడుచుకుంటూ కూతాయన సముద్రం వైపు చూశాడు. తుపాను ఆశ్రయ భవనానికి కాపలాదారు అతను; సైరన్ కూత వల్లే ఊళ్లో అతనికా పేరు. ఆ భవనాన్నీ, డాబా మీది ఈ చేతి సైరన్‌నూ దూరదేశంవాళ్లు డబ్బిచ్చి కట్టించారు. కరెంటు పోయినా తిప్పితే చాలు, ఊరంతా వినబడుతుంది. వెళ్లేముందు వాళ్ల ఇంజనీరమ్మ వారానికోసారి మోగించి చూసుకోమంది. అంతే, జ్వరమొచ్చినా సరే, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మోగించాడు. ఊరు దానికి ఎంతగా అలవాటు పడిందంటే, కూత వినగానే అన్నాలవేళయిందని కంచాలు పెట్టేస్తారు. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు అతని ఛాతీ పొంగేది. బరువు పనులు వద్దని డాక్టరు హెచ్చరించిన ఛాతీ అది.

ఇవాళ శుక్రవారం. రాత్రికి రావలసిన తుపాను మధ్యాహ్నానికే వచ్చేస్తోందని రేడియో ఇప్పుడే చెప్పింది. ఊళ్లోవాళ్లకు తెలిసింది మాత్రం పొద్దుటి కబురే.

పిడి పట్టుకుని తిప్పాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. భోజనాలకు కూర్చుని ఉంటారు. తన శ్రద్ధే ఊరి కొంప ముంచేట్టుంది. ఎప్పుడూ నిమిషంలో ఆపేసేవాడు ఈసారి ఆపలేదు. మెడ నరాలు ఉబ్బాయి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. చెయ్యి మార్చుకుని మళ్లీ తిప్పాడు.

ఎదురింటి దర్జీ ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు.

"బాబాయ్! విన్నాంలే! మెతుకు గొంతు దిగనివ్వవా?"

"ఆకాశం చూడరా నాయనా!"

దర్జీ తల ఎత్తి చూశాడు. మరుక్షణం పిల్లల కోసం లోపలికి పరుగెత్తాడు. ఆ వెనకే వీధివీధీ తిట్టడానికి బయటికొచ్చింది. వచ్చినవాళ్లంతా ఆ నల్లటి ఆకాశం చూసి, మూటాముల్లె సర్దుకుని ఆశ్రయం మెట్లెక్కారు.

చివరికి భార్య డాబా మీదికి వచ్చింది. "చాల్లేవయ్యా, దిగు. అందరూ వచ్చేశారు."

"చివరింటి ముసలమ్మో?"

"దర్జీ మోసుకొచ్చాడు. వీపు మీద కూర్చుని నిన్నే తిడుతోంది."

అప్పుడు పిడి వదలబోయాడు. వేళ్లు రాలేదు. ఆమే ఒక్కొక్కటీ విప్పింది.

కింద హాల్లో గోడకు ఆనుకుని కూర్చున్నారు. బయట పైకప్పులు లేచిపోతున్న చప్పుడు.

"ఊరందరి భోజనాలూ చెడగొట్టావు," అందామె, అతని చెయ్యి ఒళ్లోకి తీసుకుంటూ. ఎంత దాచుకున్నా గొంతులో గర్వం దాగలేదు.

"హాలు నిండిపోయింది, చూశావా?" అని అతను కళ్లు మూసుకున్నాడు.

గాలి తగ్గాక ఇంటింటివాళ్లూ తమ మనుషుల్ని చూసుకున్నారు. ఊళ్లో ఒక్కరూ తగ్గలేదు. ఆ మాట చెబుదామని దర్జీ వచ్చి అతని భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. భార్య అతని చెయ్యి ఇంకా వదల్లేదు. ఆమెకు ఎప్పుడో తెలిసింది.

"చెప్పు నాయనా," అంది. "వింటాడు."

దర్జీ ఏడుస్తూనే చెప్పాడు.

తర్వాత జనం మెట్ల దగ్గర తడిసిన చెప్పుల గుట్టలో ఎవరివి వాళ్లు వెతుక్కుని తొడుక్కున్నారు. మడమ దగ్గర ఒక పక్కకు అరిగిపోయిన జత ఒకటి అక్కడే ఉండిపోయింది.