ముందు మీరే రండి

మా ఆయన లెనార్డ్, మాన్స్‌ఫీల్డ్ ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఇది నేను గొప్పకి చెప్పడం కాదు, ఆయనే చెప్తాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. అలాంటి మనిషి కోటు జేబులో రుమాలుందేమోనని చెయ్యి పెడితే కళ్ళ ఆసుపత్రి ఉత్తరం తగిలింది. చూపు నడిమధ్య మచ్చ పెరుగుతోంది, ఇకమీదట బండి నడపరాదు అని రాశారు. తారీఖు చూస్తే మే నెల. నేను చదివింది జూన్ ఆఖర్న. అంటే ఐదు వారాలుగా ఈ మహానుభావుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతున్నాడన్నమాట!

పైగా ఆ మర్నాడే మేం వేసవి షికారుకి బయల్దేరాలి. హెరిఫర్డ్ పల్లెటూళ్ళ మీదుగా వారం రోజులు, కార్లో.

"ఆ ఉత్తరం మొహాన కొట్టి అడగొచ్చుగా?" అంటుంది మా అమ్మాయి జాక్లిన్ ఇప్పుడు. అడగొచ్చు. కానీ మా తరం పెరిగిన తీరే వేరు. ఇల్లంటుకున్నా "ఇవాళ కాస్త ఉక్కగా ఉంది కదూ" అంటాం. మనిషి దాచుకున్నదాన్ని బయటికి లాగడం, అది కట్టుకున్న మొగుడిదైనా సరే, అమర్యాద. సరే బెరిల్, కారు తాళం ఆయన చేత్తోనే ఇప్పించుకో అనుకున్నాను. నేనంటే ఏమనుకున్నారు? ఇరవై ఆరేళ్ళు బడి వంటగది ఏలినదాన్ని. మూడొందల మంది పిల్లకాయల చేత క్యాబేజీ తినిపించాను. ఒక్క ముసలాడి దగ్గర తాళం రాబట్టలేనా?

బయల్దేరేటప్పుడే మొదలుపెట్టాను. "ఈసారి నేను నడుపుతాను లెన్. నువ్వు హాయిగా చుట్టుపక్కలన్నీ చూసుకుంటూ కూర్చో." అనేశాక నాలిక్కరుచుకున్నాను. చూసుకుంటూ ట!

"నువ్వా?" అన్నాడు. "మనం ఈ వేసవిలోనే చేరాలి కదా బెరిల్."

నాకూ లైసెన్సుంది మరి. ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో బజారుకి నేనే వెళ్ళొచ్చేదాన్ని. ఆ ముక్క అనలేదు. దాని బదులు దారి పొడుగూతా నోరు మూయలేదు. "అబ్బ, ఆ ఎర్ర లైటు ఎంత ఎర్రగా ఉందో!" "మన ఎడం పక్కన సైకిలు మీద పెద్దాయన, భలే సోగ్గా ఉన్నాడు కదూ!" "ఆహా, కూడలి వస్తోంది!" కూడలిని చూసి మురిసిపోయిన ఆడదాన్ని నేనొక్కతినేనేమో. ఆయన బ్రేకు తొక్కేవాడు, నేను ఊపిరి తీసుకునేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం పబ్బులో ఇంకో ఎత్తు వేశాను. "ఇక్కడి బీరు మంచిదట, రెండు గ్లాసులు పుచ్చుకో" అన్నాను. రెండు గ్లాసులు పడితే ఇక స్టీరింగు ముట్టడు, అది ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నియమం. లెన్ నా వంక చూశాడు. నా వంక అంటే నా చెవి వంక, ఈమధ్య అలాగే చూస్తున్నాడు. తర్వాత కౌంటర్ దగ్గరి ఆవిడతో, "నాకు నిమ్మరసం చాలమ్మా" అన్నాడు.

నిమ్మరసం! వాళ్ళమ్మ అంత్యక్రియల రోజు కూడా బీరు వద్దనని మనిషి! ఒళ్ళు మండిపోయింది నాకు. నీ పంతం మన ఇద్దరి ప్రాణాల మీదకి తెస్తుందిరా నాయనా అని అరవాలనిపించింది. అరవలేదు. ఉప్పు అందించాను.

మూడో రోజు పొద్దున లిటిల్ ఆర్న్‌కోట్ అనే ఊళ్ళోంచి వెళ్ళాం. ఆ వారం అక్కడ గడ్డిబొమ్మల పండగ. ప్రతి ఇంటి ముందూ పాత బట్టల్లో గడ్డి కూరి ఒక బొమ్మని నిలబెట్టారు. పోస్టుమాను ఒకడు, పాదిరి ఒకడు, పెళ్ళికూతురు ఒకతి. చర్చి మలుపులో పసుపు టోపీ పెట్టుకున్న ఒకావిడ వంగి ఏదో బొమ్మకి చొక్కా గుండీలు పెడుతోంది. లెన్ బండిని తిన్నగా ఆవిడ మీదకే పోనిచ్చాడు.

"లెన్!" అన్నాను. ఆవిడ ఎగిరి గోడకి అతుక్కుపోయింది. జానెడు దూరంలో తప్పింది.

"బొమ్మల్ని ఇలా రోడ్డు మీదకి పెట్టేస్తారేంటి, బుద్ధిలేని జనం" అన్నాడాయన.

మర్యాదా లేదు గాడిదగుడ్డూ లేదు, బండి ఎక్కడ ఆగితే అక్కడ చెప్పేస్తాను అనుకున్నాను. కానీ ఊరు దాటగానే ఒక్క బండి పట్టే దారి, రెండు వైపులా నిలువెత్తు కంచె మొక్కలు. ఆపమనడానికి చోటు లేదు. చోటు వచ్చేసరికి ఆయనే ఆపాడు.

ఎదర పొలం గేటు ముందు ఒక ట్రాక్టరు, ముక్కు కాస్త దారిలోకి వచ్చి ఉంది. లెన్ మా కారుని పక్కకి ఒదిగించి లైట్లు రెండుసార్లు వేసి ఆర్పాడు, ముందు మీరే రండి అని. ట్రాక్టరు కదల్లేదు.

"వాడూ పెద్దమనిషే" అన్నాడు లెన్ సంతోషంగా. "చూడు, నన్నే రమ్మని చెయ్యెత్తాడు. నేనెందుకు వెళ్తాను? ఒదిగే చోటు నా వైపుంది, ఆగాల్సింది నేను." మళ్ళీ లైట్లు కొట్టాడు. "రావయ్యా బాబూ, మొహమాటపడకు!"

నేను చూశాను. చెయ్యెత్తిన మాట నిజమే. రబ్బరు చేతితొడుగులో గడ్డి కుక్కి కర్రకి కట్టారు. మొహం దిండు గలీబు, మీసాలు బొగ్గుతో గీసినవి.

అద్దంలో చూస్తే మా వెనక ఒక కారు, దాని వెనక పాల వ్యాను, ఆ వెనక ఇంకో కారు. ఒక్కరూ హారన్ కొట్టలేదు. మా దగ్గర హారన్ కొట్టడమంటే తిట్టడమే. గడ్డిబొమ్మకి దారిచ్చి నాలుగు బండ్లు వరసగా, బుద్ధిగా నిలబడ్డాయి. ఇంకెవరి సంగతైనా అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

అంతలో వెనక కారు తలుపు తెరుచుకుంది. పొడుగాటి మనిషొకడు దిగి మా వైపు వస్తున్నాడు. వచ్చి, ట్రాక్టరు చూసి, అది బొమ్మన్న మాట అతనే చెప్పేస్తాడు. పరాయివాడి నోట వింటే లెన్ మళ్ళీ తలెత్తుకోలేడు. మహా అయితే పదడుగుల దూరం.

"లెన్, అది గడ్డిబొమ్మ."

ఆయన చెయ్యి లైట్ల మీట మీదే ఆగిపోయింది. "ట్రాక్టరు మీదదా?"

"అవును. ఎవరూ రారు."

"మరి చర్చి దగ్గర?" గొంతు బాగా చిన్నదైపోయింది. "ఆ పసుపు టోపీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "అది మనిషి లెన్. ఆడమనిషి."

ఆయన ఇంజను ఆపేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకుని ఏం చెయ్యాలి?

పొడుగాటాయన కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. "సారీ అండీ, మధ్యలో వచ్చి ఇబ్బంది పెడుతున్నానేమో. అంతా బానే ఉందా?"

బానే ఉందండీ, థాంక్యూ. మా దేశంలో దానికి అదొక్కటే జవాబు. లెన్ కూడా అదే అంటాడనుకున్నాను. ఆయన అద్దం పూర్తిగా దించాడు.

"లేదండీ, బాలేదు. నా కళ్ళు పోతున్నాయి. బండి ముట్టుకోవద్దని డాక్టర్లు మే నెల్లోనే చెప్పారు. మా ఆవిడకి చెప్పలేదు. ఇందాక ఒక మనిషిని చంపేసేవాణ్ణి. ఇప్పుడేమో ఆ గడ్డిబొమ్మకి దారిస్తూ మిమ్మల్నందర్నీ నిలబెట్టాను. క్షమించండి."

పొడుగాటాయన ట్రాక్టరు వంక చూశాడు, మా వంక చూశాడు. పాపం, ఎండ బావుంది కదూ అందామన్నా అతనికి నోరు పెగల్లేదు. "తొందరేం లేదండీ" అన్నాడు చివరికి. "మీరు మెల్లగా సీట్లు మారండి. వెనకవాళ్ళకి నేను చెప్తాను."

"ఏమని చెప్తారు?" అన్నాన్నేను కళ్ళు తుడుచుకుంటూ.

"టీ తాగుతున్నారని చెప్తా. ఎవరూ ఏమీ అనరు."

అతను వెళ్ళాక లెన్ తాళం తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. నాకైతే ఇవ్వలేదు.

"ఆ ఉత్తరం నేను చదివాను" అన్నాను. "ఎందుకు దాచావు?"

"ఇది నీ చేతికిచ్చేస్తే అయిపోయినట్టే కదా బెరిల్. ఇక చచ్చేదాకా ఆ పక్క సీటే."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. "నలభై నాలుగేళ్ళుగా ఈ పక్క సీట్లోనే కూర్చున్నాను. నేనేం చచ్చానా?"

లెన్ నా చెయ్యి తడిమి వెతుక్కుని తాళం అందులో పెట్టాడు. తలుపు తీసి దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, నేను లేచిన సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నేను బండి తీశాను.