ఉమ్ జాసిం అడిగిన ఎంగిలి

పిల్లాణ్ణి పొగిడినందుకు ఉద్యోగం ఊడే గతి పడుతుందని మా కాకినాడ నర్సింగ్ కాలేజీలో ఒక్కరూ చెప్పి చావలేదు.

బహ్రెయిన్‌లో, మనామాలో ఒక ఆసుపత్రి, బాలింతల వార్డు నాది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. ఆ పొద్దున ఒక మగపిల్లాణ్ణి తూచి, "అబ్బో, ఎంత ముద్దొస్తున్నాడో! ఏం బుగ్గలో!" అని వచ్చీరాని అరబ్బీలో వాడి నాయనమ్మ ఉమ్ జాసిం ముందే మురిసిపోయాను. 'మాషా అల్లా' అనలేదు. ఆ ముక్క అనకుండా మెచ్చుకుంటే ఇక్కడ దిష్టి పెట్టినట్టేనట. మధ్యాహ్నానికి వాడు పాలు మానేసి గుక్కపట్టాడు. ముసలామె నన్ను చూపించి వార్డు దద్దరిల్లేలా అరిచింది.

ఇన్‌ఛార్జి నన్ను పక్కకు పిలిచింది. "ఆవిడ కంప్లయింట్ ఇస్తే నిన్ను ఇంటికి పంపేస్తారు. ఏం చేసుకుంటావో చేసుకో" అని చక్కా పోయింది, మహాతల్లి.

ఇక్కడ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న సీనియర్ నర్సు మరియమ్మక్క ముసలామెతో మాట్లాడి, నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

"ఒసే రెబెకా, నువ్వు తాగి వదిలేసిన టీ కావాలంట."

"ఏంటీ?"

"నీ ఎంగిలే. కన్ను పెట్టినోళ్ల ఎంగిలి రాస్తే దిష్టి పోద్దంట. ఇచ్చేవంటే కంప్లయింటూ లేదు, గింప్లయింటూ లేదు."

"ఛీ! నేను నర్సునక్కా! పురిటి పిల్లాడికి నా ఎంగిలి రాయనిస్తానా? మా పాస్టరుగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా?"

"పాస్టరుగారొచ్చి నీ వీసా నిలబెడతారేంటే?"

నిలబెట్టరు. టీ తాగి అడుగున కాస్త వదిలాను. "పాదాలకే రాయాలి. మూతి దగ్గరికి తెస్తే ఊరుకోను. ముందు పిల్లాణ్ణి నాకివ్వాలి" అని మరియమ్మక్క చేత చెప్పించాను. చూస్తే ఏముంది, వెధవకి ముక్కు దిబ్బడేసింది. ఊపిరాడక పాలు వదిలేశాడు. ఉప్పునీటి చుక్కలు వేసి, ముక్కు తుడిచి, వాళ్లమ్మ ఒళ్లో పెట్టాను.

అప్పుడు ఉమ్ జాసిం రెండు చేతులూ చాపింది. మా చర్చిలో సంస్కారపు ద్రాక్షరసం గిన్నె అందుకున్నట్టు, చుక్క ఒలకకుండా ఆ కప్పు తీసుకుని మనవడి పాదాలకు రాసింది. వాడు రొమ్ము పట్టి గుటగుటా తాగాడు. అది నా చుక్కల మహిమని చెప్పబోతే మరియమ్మక్క కాలు తొక్కింది. ముసలామె నా నుదుటిన ముద్దు పెట్టి "ఖలాస్" అంది, ఇక అయిపోయిందని. బతికిపోయాను.

డ్యూటీ దిగి, అమ్మకు ఫోన్ చేసి పడీపడీ నవ్వుతూ అంతా చెప్పాను. అమ్మ నవ్వలేదు. మా ఊరి టీకొట్టులో మా పేటవాళ్లకు వేరే గ్లాసులుండేవి. అమ్మ తాగిన గ్లాసు అమ్మే కడిగి చూరులో దోపి రావాలి. అది అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"చేత్తోనే పుచ్చుకుందా?" అంది అమ్మ.

"రెండు చేతుల్తోనమ్మా."

"మనం ఎవరిమో చెప్పేవా ఆవిడకి?"

"లేదు. అడగలేదు."

"చెప్పకే తల్లీ," అంది అమ్మ గొంతు తగ్గించి. "ఉద్యోగం పోద్ది."