కొస కుర్చీ

దెందులూరు దాటి కొల్లేటి వైపు దిగే రోడ్డులో, చేపల చెరువు గట్టు మీద ఉంటుంది కృపావరం మాస్టారి ఇల్లు. ముందు గదిలో గోడకి వరసగా పద్ధెనిమిది ఫోటోలుండేవి. ఏటా కోతపండుగ నాడు చర్చిలో ఆరాధన అయ్యాక, మాస్టారి అన్నదమ్ముల కుటుంబాలన్నీ ఆ ఇంటి ముందు చేరి తీయించుకున్నవి. అన్నీ పెద్దల్లుడు నిత్యానందం తీసినవే. అతనికి ఏలూరులో స్టూడియో ఉంది.

ఆ ఫోటో తీయడం అంత తేలికేం కాదు. వసారా మెట్ల నుంచి గట్టు అంచు దాకా పది అంగలు, ఆ తర్వాత నీళ్ళే. నలభై ఎనిమిది మంది ఒక్క ఫోటోలో పట్టాలంటే బాగా వెనక్కి వెళ్ళాలి, వెళ్ళడానికి నేల లేదు. అందుకని నిత్యానందం ఏటా పంట్లాం మోకాళ్ళ పైకి మడిచి, కెమెరా స్టాండు భుజాన వేసుకుని చెరువులోకి దిగేవాడు. నీళ్ళలో నిలబడి "అందరూ ఇటు చూడండీ" అని అతను కేకేస్తే పిల్లలు పడీ పడీ నవ్వేవారు. గట్టెక్కగానే అత్తగారు సువార్తమ్మ ఒక కొత్త తువ్వాలు తనే తెచ్చి చేతికిచ్చేది. పండక్కి అల్లుళ్ళకి పెట్టే బట్టలు వేరు, ఆ తువ్వాలు వేరు. ఆ తువ్వాళ్ళన్నీ నిత్యానందం భార్య దేవకుమారి బీరువాలో ఒక అరలో దాచింది. ఒక్కటీ వాడనివ్వలేదు.

కొల్లేట్లో చెరువుల గట్లు పొక్లెయిన్లతో కొట్టేసిన మరుసటి ఏడు, అంటే రెండువేల ఏడులో, చిన్నల్లుడు విజయ్ కుమార్ కోతపండక్కి ఒక కొత్త లెన్స్ తెచ్చాడు. అతనిది తాడేపల్లిగూడెంలో స్టూడియో. అతని భార్య, దేవకుమారి చెల్లెలు క్యాథరిన్ ఆ స్టూడియో కౌంటర్లో కూర్చుంటుంది. లెన్స్ పొట్టిగా, లావుగా, ముందు అద్దం ఉబ్బుకొచ్చి, పెద్ద చేప కన్నులా ఉంది.

"విజయవాడలో కూడా లేదండీ, మద్రాసు నుంచి తెప్పించాను" అన్నాడు విజయ్ కుమార్ తోడల్లుడితో. "దీన్ని పది నుంచి ఇరవై దాకా తిప్పొచ్చండి అన్నయ్యగారూ. ఇరవై దగ్గర పెడితే మామూలుగానే ఉంటుంది. పది దగ్గర పెడితే ఇల్లూ గట్టూ అంతా వచ్చేస్తుంది. మీరిక నీళ్ళలోకి దిగక్కర్లేదు."

నిత్యానందం కెమెరా అందుకుని కన్ను ఆనించాడు. "అబ్బ, కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర్నుంచి నా చెప్పుల దాకా కనపడుతోందయ్యా" అన్నాడు, చంటిపిల్లాడిలా.

భర్త అలా సంబరపడటం చూసి దేవకుమారికి ఒళ్ళు మండింది. పక్కనే ఉన్న క్యాథరిన్ నవ్వుతూ, "ఈ ఏడు బావగారికి జలుబు చెయ్యదులే అక్కా" అంది. ఆ మాటలో తప్పేం లేదు. కానీ క్యాథరిన్ కట్టుకున్న నెమలికంఠం రంగు పట్టుచీర, ఆ నవ్వు, చెల్లెలు ముప్ఫై మూడేళ్ళకి కూడా కాలేజీ పిల్లలా సన్నగా ఉండటం, అన్నీ కలిసి ఆ మాట వేరేగా వినపడింది.

అక్కడే దేవకుమారికి నెల క్రితం సంగతి గుర్తొచ్చింది. ఇంట్లో కంప్యూటర్ మీద పెళ్ళి ఆల్బములు తయారుచేయడం ఆమె పని. ఏలూరులో పది మంది ఫోటోగ్రాఫర్లు ఆమెకే ఇస్తారు, వెంట్రుకవాసి తేడా రానివ్వదని. విజయ్ కుమార్ కూడా గూడెంలో ఈ లెన్స్‌తో తీసిన ఒక పెళ్ళి సీడీ పంపించాడు. అందులో కల్యాణమండపం మొత్తం ఒక్క ఫోటోలో ఒదిగింది. నడిమి వాళ్ళు ఉన్నట్టే ఉన్నారు. కొసన నిలబడ్డ పెళ్ళికూతురి మేనత్త మాత్రం, ఎవరో పట్టుకుని పక్కకి లాగినట్టు సాగిపోయింది. చెయ్యి దిండులా, ముఖం గుమ్మడికాయలా ఉంది. దేవకుమారి మౌసుతో ఆవిణ్ణి కొంచెం కొంచెంగా లోపలికి నెట్టి సరిచేసింది. ఆ సంగతి విజయ్ కుమార్‌కి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే అప్పుడు ఆమె దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది.

ఫోటోలో ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పేది మొదట్నుంచీ దేవకుమారే. ముందు చాప మీద పిల్లలు, తర్వాత కుర్చీల వరస, వెనక నిలబడేవాళ్ళు. నడిమి కుర్చీలో మాస్టారు, ఆయన పక్కన సువార్తమ్మ. ఎన్నడూ మారలేదు. క్యాథరిన్ ఎప్పుడూ వెనక నిలబడేది.

"చిన్నీ, ఇలా రా. నువ్వు కుర్చీలో కూర్చో" అంది దేవకుమారి. చూపించిన కుర్చీ కుడిపక్క కొసన ఉంది.

"నేనెందుకక్కా, పెద్దవాళ్ళున్నారుగా."

"అంత మంచి చీర వెనకాల దాక్కుంటే ఏం బాగుంటుంది? కూర్చో."

క్యాథరిన్ కూర్చుంది. దేవకుమారి తను మాత్రం వెనక వరసలో సరిగ్గా నడుమ, నాన్న తల వెనక నిలబడింది. ఆ ఫోటో ఏటా గోడ మీదకెక్కుతుంది. వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారు. అందులో చెల్లెలు ఎలా ఉండబోతోందో ఆమెకి ముందే కళ్ళకి కట్టింది. కాస్త సిగ్గేసింది గానీ, ఆ సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువగా ఉంది.

అందరూ సర్దుకున్నా మాస్టారి పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. సువార్తమ్మ పెరట్లో చేపల పులుసు దగ్గర ఉంది. పిలవగా పిలవగా తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. చంకలో మడత విప్పని తువ్వాలు. గట్టు మీద పొడి కాళ్ళతో నిలబడ్డ పెద్దల్లుణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తువ్వాలు తీసి అతని చేతిలోనే పెట్టింది.

"ఉంచండి అల్లుడుగారూ, ఎండగా ఉంది" అంది.

నిత్యానందం దాంతో నుదురు తుడుచుకున్నాడు. దేవకుమారి చూపు తిప్పుకుంది.

అప్పుడు క్యాథరిన్ కొస కుర్చీలోంచి చటుక్కున లేచింది. "అమ్మా, నువ్విక్కడ కూర్చో. మళ్ళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తాలిగా, దారిలో ఉంటుంది. నేను నాన్న పక్కన కూర్చుంటాలే" అంటూ తల్లిని భుజాలు పట్టి కూర్చోబెట్టి, తను వెళ్ళి నాన్న పక్క కుర్చీలో కూర్చుంది.

"ఎంత బాధ్యత చూడు పిల్లకి" అంది వెనకనుంచి ఎవరో పెద్దావిడ.

దేవకుమారి నోరు తెరిచింది. అమ్మని అక్కణ్ణుంచి లేపాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే, ఇందాక చెల్లెల్ని అక్కడెందుకు కూర్చోబెట్టిందీ తేలిపోతుంది.

"అందరూ ఇటు చూడండీ" అన్నాడు, ఈసారి కెమెరా వెనక నిలబడ్డ విజయ్ కుమార్. మూడుసార్లు క్లిక్‌మంది.

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద అంతా చక్కగానే కనపడింది. పిల్లలు మూగి చూశారు. "ఒక్క చెయ్యి కూడా తెగలేదు, చిన్నల్లుడు గట్టివాడే" అన్నారు అందరూ. సువార్తమ్మ అప్పటికే పులుసు దగ్గరికి వెళ్ళిపోయింది.

క్రిస్మస్‌కి విజయ్ కుమార్ ఫోటో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి అత్తగారింటికి తెచ్చి తగిలించాడు. దేవకుమారి ఆ పండక్కి వెళ్ళలేదు, ఆల్బముల పని ఉందని చెప్పి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి నాన్న ఫోన్ చేశారు. "మీ అమ్మ ఉప్పు మానేసిందమ్మా. రాత్రిళ్ళు అన్నం కూడా తినట్లేదు. ఒళ్ళు వాచిందంటుంది. నాకేం తేడా కనపడట్లేదు. ఏలూరు పంపిస్తాను, ఒకసారి డాక్టరుకి చూపించు."

బస్సు దిగిన తల్లిని దేవకుమారి తేరిపార చూసింది. సువార్తమ్మ వాచలేదు, చిక్కిపోయింది. జాకెట్టు చేతులు వదులయ్యాయి.

డాక్టరు రక్తం, మూత్రం అన్నీ పరీక్ష చేయించి, ఏమీ లేదండి, కడుపునిండా తినండి అన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ సువార్తమ్మ, "ఆయనకేం తెలుసు?" అంది. "మా అక్క ఇలాగే వాచింది. మొదట ముఖం, తర్వాత చేతులు. ఆర్నెల్లు తిరక్కుండా పోయింది. అప్పుడూ ఏమీ లేదనే అన్నారు."

"నువ్వు వాచావని ఎవరన్నారమ్మా?"

"ఒకరనడమెందుకు? గోడకి ఉందిగా. అంతకు ముందు ఏడు ఫోటో పక్కనే ఉంది, చూసుకున్నాను. ఒక్క ఏడాదిలో నా చెయ్యి రెండు చేతులంత అయింది. మీ చిన్నత్త కూడా చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది, పాపం."

సువార్తమ్మకి అద్దం చూసుకునే అలవాటు తక్కువ. చర్చికెళ్ళే ముందు బొటనవేలంత అద్దంలో పాపిడి చూసుకోవడమే.

దేవకుమారి ఆ మధ్యాహ్నం తెలివైన పని అనుకుని ఒక పని చేసింది. విజయ్ కుమార్ పంపిన కోతపండుగ ఫోటోల సీడీ కంప్యూటర్లో వేసి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదంతా లెన్స్ లాగడం అమ్మా, చూడు" అంటూ మౌసుతో ఆమె బొమ్మని లోపలికి నెట్టడం మొదలుపెట్టింది. చెయ్యి సన్నబడింది. చెంప లోపలికి పోయింది. ఇరవై నిమిషాల్లో తెర మీద అసలు సువార్తమ్మ వచ్చి కూర్చుంది.

సువార్తమ్మ చాలాసేపు చూసింది. "నన్ను ఎంత కావాలంటే అంత చెయ్యగలవన్నమాట" అంది నెమ్మదిగా. "నేను బాధపడతానని సన్నగా చేశావు. మరి అసలు నేనెంతున్నానో ఎవరు చెబుతారు?"

ఆ పూట కూడా మజ్జిగ తాగి పడుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. అమ్మ కళ్ళ ముందే ఆ లెన్స్‌తో ఫోటో తీయాలి. ఆ లెన్స్ కోసం చెల్లెలింటికి వెళ్ళి అడగాలి. మర్నాడు పొద్దున దేవకుమారి తల్లిని తీసుకుని గూడెం పాసింజరెక్కింది. భీమడోలు దాటేదాకా ఏం చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంది. గూడెంలో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

స్టూడియోలో క్యాథరిన్ తల్లిని చూసి లేచి నిలబడింది. "ఏంటమ్మా ఇలా అయిపోయావు?"

"ఫోటో చూసి తిండి మానేసింది" అంది దేవకుమారి. "విజయ్, నీ కొత్త లెన్స్ పెట్టు బాబూ. పది దగ్గర పెట్టు. అమ్మ నడుమ కూర్చుంటుంది. నేను కొసన కూర్చుంటాను."

"కొసనొద్దండి వదినగారూ, అక్కడ కాస్త లాగుతుందండి" అన్నాడు విజయ్ కుమార్ అలవాటుగా. "అందుకే ఇంట్లో మన చిన్నీ కూడా ఎప్పుడూ నడుమే..." అని భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

"అందుకే కూర్చుంటానంటున్నాను" అంది దేవకుమారి.

తీశాడు. కంప్యూటర్ తెర మీద నడుమ సువార్తమ్మ, ఎముకలు తేలి, ఎండు వక్కలా చిన్నగా. కొసన దేవకుమారి, ఒక భుజం తలుపంత, గడ్డం పక్కకి జారి, పండగనాటి గంగాళంలా. సువార్తమ్మ తెర వంక, కూతురి వంక మార్చి మార్చి చూసింది. కూతురి చెయ్యి పట్టుకుని వేళ్ళతో కొలిచి చూసింది. ఆ తర్వాత నవ్వు మొదలైంది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. విజయ్ కుమార్ కూడా నవ్వాడు. అక్కచెల్లెళ్ళు మాత్రం నవ్వలేదు.

కళ్ళు తుడుచుకుని సువార్తమ్మ అడిగింది, "ఇది మీకు ముందే తెలుసా?"

క్యాథరిన్ కౌంటర్ మీది కవర్లు సర్దుతోంది.

"కోతపండుగ నాడు నేనొచ్చేసరికి ఆ కుర్చీలో చిన్నదుంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టిందెవరు?"

"నేనేనమ్మా" అంది దేవకుమారి.

"మరి నన్ను కూర్చోబెట్టింది ఇది." సువార్తమ్మ ఒక కూతుర్ని, తర్వాత ఇంకో కూతుర్ని చూసింది. కోపంగా కాదు. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చూసినట్టు. "సరే. ఆకలేస్తోంది. ఉప్పేసి వండండి."

వంటింట్లో దేవకుమారి ఉల్లిపాయలు తరిగింది. క్యాథరిన్ పొయ్యి వెలిగించింది. కూర సగం ఉడికాక క్యాథరిన్ అటు తిరిగే అంది, "నన్ను లావుగా చూపించాలని కదా అక్కా."

"నువ్వు లేచి అమ్మని కూర్చోబెడతావనుకోలేదు."

"నేనూ అమ్మ గురించి ఆలోచించలేదు. ఆ కుర్చీలోంచి బయటపడాలనే అనుకున్నాను." గరిటె తిప్పుతూ, "అమ్మ బావగారికి తువ్వాలు ఇస్తుంటే ఏటా చూసేదాన్ని. మా ఆయనకి ఒక్కసారైనా అలా ఇస్తే బావుణ్ణనిపించేది. చివరికి ఈసారీ బావగారికే ఇచ్చింది" అంది.

దేవకుమారి కత్తిపీట మీద చెయ్యి ఆపింది. తన బీరువాలో అర నిండా మడతలతో ఉన్న తువ్వాళ్ళు గుర్తొచ్చాయి. వాటిని ఇంకొకరు కూడా లెక్కపెట్టుకుంటున్నారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

సువార్తమ్మ రెండుసార్లు వడ్డించుకుని తింది. చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే కోతపండక్కి కూడా ఆ అద్దంతోనే తీయించు బాబూ" అంది చిన్నల్లుడితో. "నీళ్ళలో దిగి పెద్దల్లుడుగారి నడుం పట్టేస్తోంది. ఎవరెక్కడ కూర్చోవాలో మాత్రం ఈసారి నేను చెబుతాను."

అన్నట్టే చెప్పింది. మరుసటి ఏడు ఫోటోలో నడుమ మాస్టారు, ఆయన పక్కన సువార్తమ్మ, ఉన్నది ఉన్నట్టుగా ఉన్నారు. కుర్చీల వరసకి కుడి కొసన దేవకుమారి, ఎడమ కొసన క్యాథరిన్, చెరో ధాన్యం బస్తాలా ఉన్నారు. గట్టు మీద ఆ రోజు రెండు తువ్వాళ్ళు మడతపెట్టి ఉన్నాయి. ఫోటో సరిచేస్తానని దేవకుమారి ఎంత బతిమాలినా తల్లి ఒప్పుకోలేదు. అలాగే ఫ్రేము కట్టించింది. ఇంటికొచ్చిన వాళ్ళు ఆ కొసా ఈ కొసా ఉన్నదెవరని అడిగితే, "మా పిల్లలేనండి, ఆ ఏడు కాస్త ఒళ్ళు చేశారు" అని చెబుతుంది.

ఆ ఫోటో కాపీ దేవకుమారి కంప్యూటర్లో ఉంది. ఒకరోజు పని లేనప్పుడు తెరిచి, పెద్దది చేసి, తన భుజమూ చెల్లెలి భుజమూ స్కేలు పెట్టి కొలిచింది. క్యాథరిన్‌ది కొంచెం తక్కువే ఉంది. జాగ్రత్తగా చూస్తే తెలిసింది, క్లిక్‌మనే ముందు చెల్లెలు కుర్చీలో ఒక జానెడు లోపలికి జరిగింది.