లెక్కకు రాని పొయ్యి

ఆ శిబిరంలో మనిషికి విలువ లేదు, పొయ్యికి ఉంది.

సాయం పంచేవాళ్ళకు మనుషుల్ని లెక్కపెట్టే ఓపిక వచ్చిన కొత్తలోనే చచ్చిపోయింది. మనిషి నిలబెట్టిన చోట నిలబడడు. పిల్లలైతే ఈ గుడారంలో ఒకసారి, ఆ గుడారంలో ఒకసారి లెక్కకు దొరుకుతారు. పొయ్యి మాత్రం పెట్టిన చోట కుదురుగా కూర్చుంటుంది. అందుకని ఒక సూత్రం పెట్టారు: పొయ్యికొక గుడారం, పొయ్యికొక సరుకుల సంచి. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా ఒక కుటుంబం. సూత్రం సూదిలా సూటిగానే ఉంది. గుచ్చుకున్నది మాత్రం ఉమ్మడి కుటుంబాలకు.

పెద్దకోడలిది ఉమ్మడి కుటుంబం. ఊళ్ళో కాల్పులు మొదలైన రోజున అత్త, అన్నదమ్ములిద్దరు, తోడికోడళ్ళిద్దరు, వాళ్ళ పిల్లలు అందరూ కలిసి నడిచి, కలిసి లారీ ఎక్కి, కలిసి ఇక్కడ దిగారు. కలిసి రావడమే వాళ్ళకు కలిసిరాలేదు. పరుగెత్తేటప్పుడు ఎవరి చేతికి ఏది అందితే అది పట్టుకొచ్చారు. పెద్దకోడలి చేతిలో గరిట ఉంది. ఆ క్షణాన పప్పు కలుపుతోంది మరి. పప్పు అక్కడే ఉడుకుతూ ఉండిపోయింది, ఇల్లు తర్వాత కూలిపోయిందని విన్నారు. గరిట మిగిలింది. ఆ గరిట ఉన్నంతకాలం ఆ ఇంటికి పెద్దకోడలు తనే. ఇల్లు లేకపోయినా సరే.

ఈ ఊరి చివర ఆటస్థలంలో వేసిన గుడారాల్లో వాళ్ళకు మురుగుకాలవ పక్కన ఒకటి దొరికింది. అందులో అందరూ పడుకున్నాక ఒకరు పక్కకు తిరగాలంటే అందరూ తిరగాలి. "తిరుగుతున్నానోయ్!" అని చివరివాడు కేకేస్తే, వరసంతా పుస్తకంలో పేజీలా తిరిగేది. అర్థం చేసుకునే కుటుంబమే గానీ, ఎన్నిసార్లని తిరగేస్తారు?

ఉపాయం చెప్పింది పక్క గుడారం ఆవిడ. అందరూ ఆమెను రేడియో వదిన అంటారు. ఆపడానికి మీట లేని రేడియో.

"మీరింకా కలిసే ఉన్నారా, పిచ్చిమొహాల్లారా! పోట్లాడుకోండి! ఎదురు వరసవాళ్ళు మొన్న జుట్లు పట్టుకున్నారు, నిన్న రెండో గుడారం పట్టుకున్నారు."

"మాకు పోట్లాట రాదు వదినా," అంది పెద్దకోడలు సిగ్గుపడుతూ.

అది నిజం. ఆ తోడికోడళ్ళు పేరుకు తగ్గట్టు తోడుగానే ఉన్నారు. పెద్దది వండేది, చిన్నది తరిగేది. పెద్దది తిట్టేది, చిన్నది నవ్వేది. పెద్దకోడలికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే గరిట తర్వాత ఆ చిన్నదే. అయినా గుడారం గుడారమే. నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి చిన్నదానికి తర్ఫీదు ఇచ్చింది.

"నన్ను రాక్షసీ అను."

"అమ్మో! నేననలేనక్కా."

"అనవే! కాళ్ళు చాపుకోవాలని ఉందా లేదా?"

"రా... రాక్షసి గారూ..."

"గారేంటే! నేనేమైనా బడిపంతుల్నా? గట్టిగా తిట్టు. ఇంకో మాట, పోట్లాట అయ్యాక మనిద్దరం ఎక్కడా మాట్లాడుకోకూడదు, నవ్వుకోకూడదు. ఎవరైనా చూశారంటే గుడారం లాక్కుంటారు. గుర్తుందా?"

మర్నాడు పొద్దున్నే టోపీ మేడమ్ వచ్చింది. సాయం పంచే సంస్థ మనిషి. ఎండకు పెట్టుకున్న టోపీ నీడలో కూడా తీయదు కాబట్టి అందరికీ ఆమె పేరు అదే. ఆమె కాలు వరసలో పడగానే పెద్దకోడలు గిన్నె మూత విసిరి, "తిని కూర్చోవడం తప్ప నీకేం చేతనవునే!" అని అందుకుంది. నలుగురూ మూగారు. ఇప్పుడు చిన్నది "రాక్షసీ" అనాలి.

చిన్నది నోరు తెరిచింది. రాక్షసి రాలేదు. ఇంకేదో వచ్చింది.

"చేతనైనదానివి నువ్వే వండుతున్నావుగా! ఇన్నేళ్ళుగా నీ ఉప్పు తింటున్నా. అదీ ఎక్కువే! ఏ పూటైనా చూసి వేశావా? నోట్లో పెట్టుకుంటే సముద్రం! ఒక్కో ముద్దకీ ఒక్కో చెంబు నీళ్ళు! మీ మరిది నీ వంట తిన్నాక ఏడుస్తున్నాడో చెమట పోస్తోందో నాకు ఇప్పటికీ తెలీదు!"

జనం పగలబడి నవ్వారు. కాలవ అవతలి వాళ్ళు కూడా నవ్వారు. ఎక్కడో నిప్పు రవ్వ తగిలినట్టయి పెద్దకోడలు వెనక్కి తిరిగి చూసింది. అత్త కూడా నవ్వుతోంది. పళ్ళు లేని నోరు కాబట్టి దాచుకోవడానికి ఏమీ లేదు.

టోపీ మేడమ్ తల ఊపి, "సరే, రెండు పొయ్యిలు," అంది. ముసలావిడ వైపు తిరిగి, "అమ్మా, మీది ఏ పొయ్యి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు పెద్దకోడలు జవాబు రాసిపెట్టుకోలేదు. అవసరం ఉంటుందనుకుంటేగా!

"నేను చిన్నదాని దగ్గరికి పోతా," అంది అత్త, మూట చంకన పెట్టుకుంటూ.

చిన్నకోడలికి వచ్చింది కొత్త గుడారం. తెల్లగా, చెట్టు నీడన, కుళాయికి కూతవేటు దూరం కూడా లేకుండా. దగ్గినా కుళాయికి వినపడుతుంది. పెద్దకోడలికి మిగిలింది పాత గుడారం, కాలవ, కాలవలోని దోమలు. కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికింది, నిజమే. చాపుకున్న కాళ్ళతో పడుకుని ఆలోచించడానికి కూడా చోటు దొరికింది. అక్కడే వచ్చింది చిక్కు.

శిబిరం లెక్కలో రెండు పొయ్యిలు. లెక్కకు రాని మూడోది పెద్దకోడలి కడుపులో అంటుకుంది. దానికి కట్టెలక్కర్లేదు. తెల్ల గుడారం వైపు ఒక్క చూపు చాలు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. వేరు కాపురం పెట్టిన తోడికోడలి పుల్లకూరైతే, దాని పొగ కూడా రుచే. ఆ పొగ తిన్నగా పైకి పోయేది, ఈమె పొగ తిన్నగా ఈమె కళ్ళలోకి వచ్చేది. పిల్లలు ఆ పొయ్యి దగ్గరే ఆడేవారు. మొగుడు పని నుంచి వచ్చేటప్పుడు అటునుంచి మూతి తుడుచుకుంటూ వచ్చేవాడు.

"అక్కడేం తిన్నావు?"

"ఏం లేదే. అమ్మ రుచి చూడమంది."

"ఉప్పు సరిపోయిందా?"

ఆయన తెలివైనవాడు. నిద్రపోయాడు.

అన్నదమ్ములకు ఈ పోట్లాట అంటనే లేదు. ఒకే మేస్త్రీ దగ్గర ఇటుకలు మోస్తూ, ఒకే చుట్ట పంచుకుంటూ తిరిగారు. ఆడవాళ్ళు మాత్రం మాట్లాడుకోకూడదు. అది పెద్దకోడలు పెట్టిన నియమమే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే అంటారు, ఈమెది గొయ్యి కూడా కాదు, పొయ్యి. కుళాయి దగ్గర ఎదురైతే చిన్నది మొహం తిప్పుకునేది. ఆ తిప్పుకోవడం నటనా, నిజమా? అడగడానికి వీల్లేదు. నటనైతే ఇంత బాగా ఎలా వచ్చింది? 'రాక్షసి' అనే ఒక్క ముక్క చెప్పలేనిది ఉప్పు మీద అంత పద్యం ఎక్కడ నేర్చింది? పప్పు కలుపుతూ పెద్దకోడలు ఉప్పు గుప్పిట్లోకి తీసుకునేది, మళ్ళీ డబ్బాలో పోసేది, మళ్ళీ తీసుకునేది. చివరికి ఎంత వేసిందో తనకే తెలిసేది కాదు. రోజంతా కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఆ నిప్పులు పొయ్యిలో పోసుకుని ఉంటే కట్టెలైనా మిగిలేవి.

అలా ఉండగా మళ్ళీ లారీలు వచ్చాయి. అవతలి ఊళ్ళు కూడా ఖాళీ అయ్యాయట. మట్టి కొట్టుకుపోయిన మనుషులు దిగి, ఆటస్థలం గేటు పక్కన మూటల మీద కూర్చున్నారు. గుడారాలు చాలలేదు. టోపీ మేడమ్ గొంతు బొంగురుపోయేలా వరస వరసా తిరిగింది.

"పోట్లాడుకుని విడిపోయినవాళ్ళు ఎవరైనా మళ్ళీ కలిసిపోయి ఉంటే చెప్పండమ్మా! ఒక గుడారం తిరిగి ఇస్తే వీళ్ళకు నీడ దొరుకుతుంది. తప్పు పట్టం. చెప్పండి!"

ఎవరూ పలకలేదు. శిబిరంలో ఎవరికీ ఎవరితోనూ సఖ్యత లేనట్టే ఉంది. పెద్దకోడలి బుర్రలో దీపం వెలిగింది. నిజం చెప్పాలంటే, అది దీపం కాదు, ఆ మూడో పొయ్యి మంటే. తెల్ల గుడారం పోతుంది. అత్త వెనక్కి వస్తుంది. చిన్నది మళ్ళీ ఉల్లిపాయలు తరుగుతుంది. పైగా త్యాగమనే పేరు కూడా వస్తుంది!

"మేం కలిసిపోయాం మేడమ్!" అని చెయ్యెత్తింది. "ఎంతైనా నా చెల్లెలు లాంటిది. ఆ తెల్లది తీసుకోండి!"

కుళాయి దగ్గర బిందె పడిన చప్పుడయింది.

"ఎప్పుడు కలిసిపోయాం?" చిన్నకోడలు తడికాళ్ళతో పరుగెత్తుకొచ్చింది. "నాతో ఒక్క మాటైనా అనకుండా నా గుడారం దానం చేస్తావా?"

"నీదేంటే? నా ఉపాయంతో వచ్చింది అది!"

"నా నోటితో వచ్చింది!"

"ఆ నోటి సంగతే అడుగుతున్నా! ఉప్పు ఎక్కువన్నావే, అది నాటకంలో ఉందా?"

"లేదు!"

"మరి ఎందుకన్నావు?"

"నాటకంలో మాటలు నోటికి రాలేదక్కా! కంగారులో నిజం ఒక్కటే వచ్చింది!"

చిన్నదానికి ఇక నోరు ఆగలేదు.

"నేనక్కడ సుఖపడుతున్నాననుకున్నావా? ఆ తెల్ల గుడారంలో పొద్దున లేస్తే నీ పేరే! 'పెద్దదైతే ఒక్క ఊదుడుకే పొయ్యి అంటిస్తుంది. పెద్దదైతే పప్పు వెన్నలా మెదుపుతుంది.' అత్తయ్య నోట రోజూ ఇదే జపం. మా ఆయనతో కాదు, నీతో కాపురం చేస్తున్నా అక్కడ! ఒళ్ళు మండి మొన్న పప్పులో నీలాగే గుప్పెడు ఉప్పేశా. అయినా 'పెద్దదాని చెయ్యి రాలేదు' అంది!"

"అత్తయ్యా!" అని పెద్దకోడలు తిరిగింది. "నా దగ్గరున్నన్నాళ్ళూ ఒక్క మంచి మాట అన్నావా?"

"దగ్గరున్నదాన్ని పొగిడితే నెత్తికెక్కదూ?" అంది ముసలావిడ తాపీగా.

"మరి దాని దగ్గరికే ఎందుకు పోయావు?"

"కుళాయి దగ్గరని. నా మోకాళ్ళతో నీ కాలవ దాకా ఎవరు నడుస్తారే?"

ఇద్దరికీ ఒక్కసారే ఏడుపు వచ్చింది. చిన్నది ముక్కు చీదుతూ "రాక్షసీ!" అంది. ఈసారి బ్రహ్మాండంగా వచ్చింది. పెద్దది "దొంగమొహమా!" అని ఆమె జబ్బ పట్టుకుంది. కొడుతోందో, వాటేసుకుంటోందో చూసేవాళ్ళకు అర్థం కాలేదు. ఆమెకూ కాలేదు.

రేడియో వదిన పెదవి విరిచింది. "మొదటిసారి పోట్లాటే బాగుంది. ఇందులో నవ్వు లేదు."

టోపీ మేడమ్ టోపీ తీసింది. ఆమె తలకు జుట్టుందని శిబిరం ఆరోజే చూసింది.

"ఎన్ని పోట్లాటలు చూశానమ్మా నేను," అంది అలసటగా. "మొన్నటిది నిజం, ఆ కసి చూడగానే తెలిసింది. ఇది ఉత్త నటన. ఎవరైనా నిజంగా పోట్లాడుకుంటే ఇలా ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారా? గుడారం నిలబెట్టుకోవడానికి ఏదైనా చేస్తారు మీరు. ఒక పొయ్యి!"

సాయంత్రానికి తెల్ల గుడారంలోకి కొత్తవాళ్ళు దిగారు. అత్త మూట, పిల్లలు, చాపలు అన్నీ కాలవ పక్కకు తిరిగొచ్చాయి. పెద్దకోడలు కోరుకున్నవన్నీ ఆమె ముందే ఉన్నాయి, కాస్త ఇరుకుగా. చిన్నది పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ కళ్ళలో నీళ్ళకు ఉల్లిపాయ ఒక్కటే కారణమని ఇద్దరూ ఒప్పుకున్నారు.

పప్పు ఉడుకుతుండగా తెల్ల గుడారం ఆవిడ వచ్చి నిలబడింది. చేతిలో గిన్నె మూత ఉంది. ఊరు వదిలేటప్పుడు ఆమె చేతికి దొరికింది అదేనట. గిన్నె ఇక్కడ ఇచ్చారు.

"అక్కా, కలపడానికి ఏమైనా ఉందా? పుల్లతో కలిపితే విరిగిపోతోంది."

పెద్దకోడలు చేతిలో గరిటను చూసుకుంది. ఆ మూతను చూసింది. దాని కింద ఏం ఉడుకుతూ ఉండిపోయిందో అడగబోయి మానేసింది. గరిటను గిన్నె అంచుకు తట్టి, అంటుకున్న పప్పు దులిపి, ఇచ్చింది.

"మళ్ళీ తెచ్చివ్వు. అది నాది."

తర్వాత ఉప్పు డబ్బా చిన్నదాని ముందుకు తోసింది. "నువ్వెయ్యి."

చిన్నది భయపడుతూ ఒక చిటికెడు వేసింది. అత్త వేలితో రుచి చూసి మొహం చిట్లించింది. తెల్ల గుడారం వైపు మెడ సాచింది.

"ఆ కొత్త పిల్ల చెయ్యి చూశారటే? గరిట ఎంత నాజూగ్గా తిప్పుతోందో! ఆ పొగ చూడండి, ఎంత తిన్నగా పోతోందో! చేస్తే అలా చెయ్యాలి వంట."

తోడికోడళ్ళిద్దరూ ఒక్కసారే తల తిప్పి అటు చూశారు.

"నా గరిట," అంది పెద్దది పళ్ళు కొరుకుతూ.

"నా గుడారం," అంది చిన్నది.

ఇద్దరూ పక్కపక్కనే జరిగి కూర్చుని, నాలుగు కళ్ళలో సమానంగా నిప్పులు పోసుకున్నారు. ఆ కాకకు పప్పు త్వరగానే ఉడికింది.